పట్టణవాసి పొలము

బెజవాడకు తూర్పున బందరు రోడ్డు పొడవున నున్న కానూరు, పోరంకి, పెనమలూరు పల్లెలుగా నుండిన కాలము మా పాఠకులలో పెక్కుమందికి జ్ఞాపకము. వరిచేలుండిన ఆ నేలపై నేడు అయిదంతస్తుల భవనములు లేచినవి. వానిలో వసించువా రనేకులు రైతుబిడ్డలే. ఆదివారమునాడు ఏ వసారాలో కూర్చున్నను సంభాషణ తుదకు ఒక్కచోటికే చేరుచున్నది: ఉద్యోగము చాలించి, ఎచ్చటనైన రెండెకరములు కొని, ఒక ఆవును గట్టివేసి, మామిడిచెట్టు నీడను శేషజీవితము గడుపవలెనట. మిద్దెమీద కుండీలలో నాలుగు వంగమొక్కలు కాచిన నాడు ఈ కోరిక మఱింత బలపడును.

ఈ కోరికను పరిహసించుట మా యుద్దేశము గాదు. ఫీనిక్సులో 1904లోను, టాల్‌స్టాయి క్షేత్రమున 1910లోను పొలము చేపట్టినవాడు మహాత్ముడు, ఆయనయు న్యాయవాదియే. కాని అచ్చట నౌకరులు లేరు. నీరు మోయుట మొదలు చెప్పులు కుట్టుట వఱకు వసించినవారే చేసికొనిరి. మన పట్టణవాసి కలలో మామిడిచెట్టున్నది, ఆవున్నది, సాయంకాలపు గాలియున్నది. పేడ యెత్తు మనిషి మాత్రము కానరాడు. అతడు వేఱొకడని కల కనువాడు ముందుగనే నిశ్చయించుకొనినాడు.

కల కలగనే యుండిన నెవరికిని నష్టము లేదు. అది దస్తావేజుగా మాఱుటతోనే చిక్కు ప్రారంభమగుచున్నది. ఎకరమనగా 4,840 చదరపు గజములు. గజములలో బేరమాడబడిన నేల దున్నువానికి మఱల దక్కదు. ఏ పంటయు ఆ వెల తీర్చజాలదు. పొలమునడుమ నొక లేఅవుటు వెలసి, మట్టితో మెఱక చేయబడి, పంటబోదె పూడిపోయిన పిమ్మట, ఎగువ చేనికి మురుగు పోవు దారి లేక, దిగువ చేనికి నీరు చేరు దారి లేక రెండును చెడుచున్నవి. 1855 నాటికి బెజవాడ ఆనకట్ట పూర్తియై, 1957లో ప్రకాశం బ్యారేజి దాని పని నందుకొని, డెల్టా చేలకు కృష్ణనీరు పాఱించినవి. ఆ నీటి తుదిమజిలీ యీ బోదెయే. దానిని పూడ్చుట కొక లారీ మట్టి చాలును.

ఇంతకంటె ముఖ్యమగు సంగతి కాగితములది. కొనినవాడు పట్టణమున నుండును. పాసుపుస్తకము ఆయన పేర నుండును. సేద్యము కౌలుదారుడు చేయును. 2018లో తెలంగాణమున రైతుబంధు పథకము ఆరంభమైనపుడు పంటకు ఎకరమునకు 4,000 రూపాయలు పట్టాదారునకే ముట్టెను, కౌలుదారునకు ముట్టలేదు. కేంద్రప్రభుత్వము 2019లో ఆరంభించిన కిసాన్ సమ్మాన్ నిధి క్రింద ఏటికి 6,000 రూపాయలును భూమి గల కుటుంబములకే నిర్ణయింపబడెను. రైతు అను పేరు నాగలి పట్టినవానిని వీడి దస్తావేజు పట్టినవానిని చేరినది. ఇది ప్రభుత్వముల దోషమే యని త్రోసిపుచ్చవచ్చును. అయినను ఆ సొమ్ము బ్యాంకులో పడిన దినమున తిరిగి కౌలుదారున కిచ్చినవారెందఱు?

కౌలుకు వ్రాతలేల లేవని మమ్మడిగినవారు కలరు. 1956 నాటి ఆంధ్రప్రాంతపు కౌలు చట్టము కౌలుదారునకు రక్షణ కల్పించెను. ఆ రక్షణకు వెఱచియే యజమానులు కాగితము మాని నోటిమాటకు దిగిరి. ఎకరమున కిన్ని బస్తాలని అరుగుమీద తేల్చుకొనుటయే నేటికిని మర్యాద. ఆ భయమును తీర్చుటకే 2019లో ఆంధ్రప్రదేశమున చేయబడిన పంట సాగుదారుల హక్కుల చట్టము పదునొకండు మాసముల ఒడంబడిక చాలుననియు, దానివలన భూమిపై హక్కు మాఱదనియు నిర్ణయించెను. అయినను యజమాని చేవ్రాలు కావలెను. ఆ చేవ్రాలే లేదు.

ఇతరుల నిందించు మేము ఇందుకు వెలుపలివారము గాము. డెల్టాలో పితృపాదులనాటి కొలదిపాటి పల్లపుభూమి మాకును కలదు. మేము దానిని తలచుకొని కలలు కనుచుంటిమి. ఒక కుటుంబము దానిని దున్నుచుండెను. 2023 డిసెంబరు 5వ తేదీని బాపట్ల సమీపమున మిచాంగ్ తుపాను తీరము దాటినపుడు కోతకు వచ్చిన వరి నీట నానినది. నష్టము వ్రాసికొన వచ్చినవారు అడంగలులో నున్న పేరు చదివిరి. అది మా పేరు. నాడు మేము కచేరీలో నుంటిమి. చేలో మోకాటిలోతు నీటిలో కంకులు పైకెత్తుచుండినవాడు మా కౌలుదారుడు. చట్టమెఱిగి, సభలలో రైతు పక్షమున నుపన్యసించు మేము, ఒక్క కాగితముపై చేవ్రాలు చేయుట కన్నియేండ్లు బద్ధకించితిమి. బద్ధకమని వ్రాసితిమి, భయమనుట సరియేమో.

పొలమును కోరు మిత్రులకు మా మనవి యిది. క్రొత్తభూమి కొనుటకు ముందు పాతభూమి నెవరు దున్నుచున్నారో పోయి చూడుడు. కాలువలకు నీరు వదలుటకు ముందే ఒడంబడిక వ్రాయుడు. పంట పోయిన యేడు కౌలుబస్తాలు తగ్గింతుమని అందులోనే చేర్చుడు. కొనియే తీరవలెనన్నచో బోదెను పూడ్పకుడు, మెఱక వేయకుడు, ఏటికి కొన్ని దినములైన చేలో దిగి పనిచేయుడు.

తుపాను మఱుసటి యేడు ఆషాఢమున మేమా కాగితము వ్రాసి యిచ్చితిమి. మా కౌలుదారుడు చదువుకొనినవాడు కాడు. కుమార్తెచేత రెండుమారులు చదివించుకొని, మడిచి జేబులో నుంచుకొని, వీధిగుమ్మము దాకా పోయి తిరిగివచ్చెను.

"ప్లీడరుగారూ, వచ్చే ఏడు కూడా రాస్తారాండి?" అని యడిగెను.