మన రోవరు దళం – రాబోయే సంవత్సరం

మన కళాశాలలో ఒక రోవరు దళం ఉన్నదనే సంగతి చాలమందికి ఆగస్టు 15న, జనవరి 26న మాత్రమే జ్ఞాపకం వస్తుంది. ఆ రెండు ఉదయాలలో మెడకు స్కార్ఫు కట్టుకొని జెండా స్తంభం వద్ద వరుసగా నిలబడిన పదిమందిని చూసి, వారు ఆ పనికే నియమింపబడినవారని కొత్త విద్యార్థులు అనుకోవడంలో ఆశ్చర్యం లేదు. మిగిలిన రోజులలో వార్షికోత్సవానికి కుర్చీలు వేయడం, అతిథులకు దారి చూపడం, క్రీడోత్సవాలలో మంచినీరు అందించడం మా వంతు. ఇవన్నీ అవసరమైన పనులే. అయితే కుర్చీలు వేయడానికి ప్రతిజ్ఞ చేయించనక్కరలేదు. నియమావళి కంఠస్థం చేయించనక్కరలేదు. మూడు సంవత్సరాలు ఈ దళంలో ఉండి, ఈ వేసవితో కళాశాల విడిచి వెళ్ళబోతున్న వాడిగా, రాబోయే సంవత్సరంలో దళం ఏ పని చేపట్టవలెనో నా అభిప్రాయాన్ని విద్యార్థి మిత్రుల ముందు, కమిటీ పెద్దల ముందు ఉంచుతున్నాను.

ముందుగా సర్టిఫికెట్ల మాట. కష్టపడి పరీక్షలు గడిచినవారికి రాష్ట్రపతి పురస్కారం ఉన్నది. రైల్వే ఉద్యోగాలలో స్కౌట్లకు, గైడ్లకు ప్రత్యేక కోటా ఉన్నది. వీటిని ఆశించి దళంలో చేరినవారిని తప్పు పట్టే పెద్దలు ఉన్నారు. నేను వారిలో ఒకడిని కాను. ఫలాపేక్ష లేకుండా సేవ చేయవలెనని బోధించడం సులభం, బోధించేవారికి సాధారణంగా ఉద్యోగం ఉంటుంది. నా బాధ వేరు. పురస్కారానికి కావలసిన లెక్క పుస్తకంలో నిండగానే ఆ విద్యార్థి స్కార్ఫు మడిచి పెట్టెలో పెడుతున్నాడు. అతడు నేర్చిన విద్య అతనితోనే గడప దాటిపోతున్నది. మరుసటి సంవత్సరం దళం మళ్ళీ ఓనమాల నుండి మొదలుపెడుతున్నది.

స్కౌటు ఉద్యమం పుట్టినప్పుడు దాని స్వభావం ఇట్లా లేదు. 1907 ఆగస్టులో ఇంగ్లండులోని బ్రౌన్‌సీ ద్వీపంలో బేడెన్ పవెల్ సుమారు 20 మంది బాలురతో మొదటి శిబిరం నడిపినారు. ధనికుల పాఠశాలలలో చదివే పిల్లలను, కూలిపని చేసుకొనే ఇళ్ళ పిల్లలను తెచ్చి, కలిపి, చిన్న చిన్న దళాలుగా విడదీసి, ఒక్కొక్క దళానికి వారిలోనే ఒక బాలుని నాయకునిగా నియమించినారు. పిల్లవానికి పెద్దవాడు పాఠం చెప్పడంకన్న, వానికంటె రెండేళ్ళు పెద్దవాడు పని చూపిస్తే త్వరగా పట్టుబడుతుందన్నది ఆయన కనిపెట్టిన కిటుకు. ఉద్యమానికి ఆయువుపట్టు అదే.

మన దేశానికి ఇది 1909లో, బెంగుళూరులో కెప్టెన్ బేకర్ ప్రారంభించిన దళంతో వచ్చినది. అయితే అప్పట్లో అందులో భారతీయ బాలురకు ప్రవేశం లేదు. తెల్లవారి పిల్లలకు, ఆంగ్లో ఇండియన్ పిల్లలకు మాత్రమే ఆ ముచ్చట. స్వదేశంలో ధనికుని బిడ్డను, కూలివాని బిడ్డను ఒకే డేరాలో పడుకోబెట్టిన ఉద్యమం సముద్రం దాటేసరికి చర్మం రంగు చూడడం మొదలుపెట్టినది! దానికి మన పెద్దలు చెప్పిన సమాధానం చూడండి. 1916లో మద్రాసులో అనీబిసెంటు, అరండేలుల ప్రోత్సాహంతో భారతీయ బాలుర స్కౌటు సంఘం వెలసినది. టోపీకి బదులు తలపాగా వచ్చినది. ఉత్తరాదిన మదనమోహన మాలవీయ, హృదయనాథ్ కుంజ్రూ, శ్రీరామ్ బాజ్‌పాయ్‌ల సేవాసమితి స్కౌట్లు ప్రయాగ మేళాలలో యాత్రికులకు సేవ చేసినారు. స్వాతంత్ర్యం వచ్చేనాటికి దేశంలో ఇట్లా వేరువేరు సంఘాలు నడుస్తూ ఉండినవి. వాటిని ఒక్క గొడుగు క్రిందికి తెచ్చేందుకు ప్రధాని నెహ్రూతోపాటు శ్రమించినవారు నాటి విద్యామంత్రి మౌలానా అబుల్ కలాం ఆజాద్. 1950 నవంబరు 7న భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ ఏర్పడినది. 1951 ఆగస్టు 15న బాలికల గైడు సంఘంకూడ వచ్చి చేరినది. మౌలానాగారి చిత్రపటం మన గ్రంథాలయంలో ఉన్నది. ఆయన జన్మదినమైన నవంబరు 11న ఏటేటా పూలమాల వేస్తున్నాము. నాలుగు రోజుల ముందు వచ్చే నవంబరు 7కు ఆయనతో గల సంబంధం మాత్రం మన సభలలో ఎవరి నోటా నేను వినలేదు.

ఇక అసలు విషయానికి వస్తాను. ఈ ఉద్యమంలో మూడు మెట్లు ఉన్నవి. పదేళ్ళలోపు బాలురను కబ్‌లు అంటారు, బాలికలను బుల్‌బుల్‌లు అంటారు. (ఈ సంచికను కుడివైపు నుండి తెరచి ఉర్దూ పుటలు చదివేవారికి బుల్‌బుల్ కొత్త పక్షి కాదు; ఏ గజల్ కొమ్మ మీద చూసినా అదే.) ఆపై వయసువారు స్కౌట్లు, గైడ్లు. కళాశాల వయసు వచ్చి 25 ఏళ్ళ వరకు ఉండేవారు రోవర్లు, రేంజర్లు. ఒక్కొక్క మెట్టుకు ఒక్కొక్క నినాదం: చిన్నవారికి 'కోశిష్ కరో', నడిమివారికి 'తయ్యార్', మనకు 'సేవా'. మొదటి రెండు మాటలు మన ఉర్దూ మిత్రుల ఇళ్ళలో పొద్దున లేచినది మొదలు వినబడేవే. రెండవది తెలుగులో తయారు అయి ఎన్నో తరాలైనది. భాష రాదని వెనుకాడవలసిన అవసరం మనలో ఎవరికీ లేదు.

కళాశాలలో ఎన్.సి.సి. ఉన్నది, ఎన్.ఎస్.ఎస్. ఉన్నది, మూడవది ఎందుకని ఒక లెక్చరరుగారు నన్ను అడిగినారు. న్యాయమైన ప్రశ్న. ఎన్.ఎస్.ఎస్.లో చేరిన విద్యార్థి రెండు సంవత్సరాలలో 240 గంటలు పనిచేసి, 7 రోజుల ప్రత్యేక శిబిరానికి వెళ్ళి వస్తాడు. అది మంచి పథకమే. దానివల్ల ఎన్నో పల్లెలకు మేలు జరిగినది. కాని ఆ పథకం విద్యార్థితో మొదలై విద్యార్థితో ముగుస్తుంది. ఆరేళ్ళ పిల్లవాడిని చేయిపట్టుకొని నడిపించి, అతడు పాతికేళ్ళవాడైనప్పుడు ఇంకొక ఆరేళ్ళవాని చేయి అతనికి అందించే ఏర్పాటు స్కౌటులో ఉన్నది. మనమే ఆ చేయి అందుకోవడం లేదు.

మన కర్నూలు పాతబస్తీలో కళాశాల నుండి నడచిపోగల దూరంలోనే ఉర్దూ మాధ్యమ ప్రాథమిక పాఠశాలలు ఉన్నవి; కూతవేటు దూరంలో తెలుగు పిల్లల పాఠశాలలు ఉన్నవి. నేను అడిగి తెలుసుకొన్నంతలో వాటిలో పిల్లలకు ఉత్సాహం లేక కాదు, ప్రధానోపాధ్యాయులకు ఇష్టం లేక కాదు, నడిపే మనిషి లేక కబ్ దళాలు లేవు. ఉన్న ఉపాధ్యాయులకు పాఠాలతోపాటు మధ్యాహ్న భోజనపు లెక్కలు, వివరాల పట్టికలు సరిపోతున్నవి. ఒక కబ్ దళానికి 24 మంది పిల్లలకు మించకుండా ఉండడం పద్ధతి. వారు ఆరుగురు చొప్పున గుంపులుగా ఉంటారు. వారానికి ఒక గంట చాలు. ఆటలు, ఒక కథ, ఒక ముడి, ఒక మంచి అలవాటు. ఇద్దరు రోవర్లు ఒక పాఠశాలను, ఇద్దరు రేంజర్లు ఒక పాఠశాలను చేపట్టితే, రాబోయే సంవత్సరంలో మనం నాలుగు పాఠశాలలనైనా చూసుకోగలము. రెండు ఉర్దూవి, రెండు తెలుగువి. స్కౌటు ప్రతి ఒక్కరికీ మిత్రుడు, తక్కిన ప్రతి స్కౌటుకు సోదరుడు అని నియమావళిలో చదువుకొన్నాము. ఉర్దూ పాఠశాలకు రమేశ్ అనే పేరుగలవాడు, తెలుగు పాఠశాలకు రహీం అనే పేరుగలవాడు వెళ్ళడంకన్న ఆ నియమానికి మెరుగైన వ్యాఖ్యానం నాకు తోచడం లేదు.

ఏమి నేర్పవలెనన్న దానిలో మాత్రం నేను పట్టుదల గలవాడిని. నాలుగు విషయాలు తెలిసీ తెలియకుండా నేర్పడంకన్న ప్రాణం నిలిపే విద్య ఒకటి గట్టిగా పట్టించడం మేలు. మన ఊరికి రెండు నదులు, నడిబొడ్డున కె.సి. కాలువ. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రి కలిసి పట్టణాన్ని ముంచివేసినప్పటి నీటి గీతలు కొన్ని గోడలమీద ఎన్నో ఏళ్ళు కనిపించినవి. మేడలెక్కి రాత్రిళ్ళు గడిపినవారు ప్రతి వీధిలోనూ ఉన్నారు. అంతటి ఉపద్రవం ఏటేటా రాదు. కాని వేసవి సెలవులలో కాలువలో ఈతకు దిగి మునిగిపోయిన బాలుర వార్త ప్రతి సంవత్సరం పత్రికలో చదువుతున్నాము. చాలసార్లు ఒకడు మునుగుతుంటే రక్షించబోయి ఇంకొకడు మునిగినాడని ఉంటుంది. ఈత రాని స్నేహితుడు నీటిలోకి దూకరాదు. గట్టుమీద బోర్లా పడుకొని కర్రనో, లుంగీనో, దుపట్టానో అందించవలె. లేదా మూత బిగించిన ఖాళీ నీళ్ళ డబ్బాకు తాడు కట్టి విసరవలె. గట్టిగా కేకవేసి పెద్దలను పిలవవలె. పదేళ్ళ పిల్లవాడు ఈ మాత్రం నేర్వగలడు. బోలైన్ అనే ముడి ఒకటి ఉన్నది. మనిషి నడుముకు వేసి లాగినా అది జారదు, బిగుసుకుపోదు. రక్షణకు వాడే ముడి అదే. కట్టుకు వేసే రీఫ్ ముడి చదునుగా ఉండి ఒంటికి గుచ్చుకోదు, విప్పడం తేలిక. ఈ రెండింటికీ కలిపి రెండు వారాలు చాలు.

బయటికి తీసినవానిని తలక్రిందులుగా పట్టి తిప్పడం, పొట్టమీద నొక్కడం మన వైపు ఇప్పటికీ చూస్తున్నాము. దానివల్ల విలువైన నిమిషాలు పోతవి. ఊపిరి ఆడుతున్నదో లేదో చూసి, ఆడకపోతే నోటిద్వారా ఊపిరి ఊది, రొమ్ము నడిమిని లయగా నొక్కుతూ, 108కు కబురు పంపడం మనబోటి పెద్ద విద్యార్థులు నేర్వవలసిన పని. లీటరు కాచి చల్లార్చిన నీటిలో 6 చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు – చెంచా అంటే టీ చెంచా, గుండ్రంగా కాక అంచుకు సమంగా – కలిపి విరేచనాలైన బిడ్డకు ఇచ్చే విధానం ప్రతి బుల్‌బుల్ తన తల్లికి చెప్పగలగవలె. పాముకాటుకు గాటు పెట్టరాదు, గట్టిగా కట్టు కట్టరాదు, కదలనీయక ఆసుపత్రికి చేర్చవలె.

రేంజర్ల గూర్చి విడిగా ఒక మాట. మన కళాశాలలో విద్యార్థినులు తక్కువ లేరు. దళంలో మాత్రం వేళ్ళమీద లెక్కింపదగినంతమంది ఉన్నారు. వారి తల్లిదండ్రులను ఛాందసులని తీసిపారవేయడం మర్యాద కాదు. ఎవరి వెంట పంపుతున్నాము, ఎప్పుడు తిరిగి వస్తుంది అని వారు అడిగేది రెండే ప్రశ్నలు. బాధ్యత వహించే అధ్యాపకురాలు ఒకరు ముందుకు వచ్చి ఆ ఇంటి గడపలో నిలబడి సమాధానం చెబితే చాలవరకు తలుపు తెరుచుకుంటుంది. గైడు దళాలకు స్త్రీలే నాయకత్వం వహించడం మొదటినుండి ఉన్న సంప్రదాయం. మన వద్ద ఆ స్థానం ఖాళీగా ఉన్నది.

రాబోయే కార్యక్రమాలను కూర్చేటప్పుడు పంచాంగం, చాంద్ర క్యాలెండరు రెండూ ముందు పెట్టుకోవలసినదిగా మనవి. ఫిబ్రవరి 22 బేడెన్ పవెల్ జన్మదినం. స్కౌట్లందరూ జరుపుకొనే రోజు. 2027లోనూ, 2028లోనూ అది రంజాన్ మాసంలో పడుతుంది. ఉపవాసం ఉన్నవారిని ఆ రోజు ఎండలో పదిమైళ్ళు నడిపించడం సేవ కాదు. పాదయాత్ర, శిబిరం డిసెంబరు సెలవులకు మార్చి, ఫిబ్రవరి 22 సాయంకాలం ఇఫ్తార్ వేళకు దళమంతా ఒకచోట చేరితే సరిపోతుంది. ఉపవాసం లేనివారు వడ్డించవచ్చును. నవంబరు 7 నుండి 11 వరకు ఐదు రోజులు, చేపట్టిన పాఠశాలలలో కబ్‌ల, బుల్‌బుల్‌ల చేరిక జరిపించి, మౌలానాగారి జన్మదినాన వారినే మన సభకు పిలవవలె. ఏప్రిల్, మే నెలలలో చలివేంద్రాలు ఎట్లాగూ వెలుస్తవి. మన దళం కాలువ గట్టున తాడు, డబ్బా పట్టుకొని సాయంకాలాలు కాపలా ఉండడం మంచిదని నా ఉద్దేశం. తుంగభద్ర పుష్కరాలు 2020లో కోవిడ్ నీడలో జరిగిపోయినవి. కృష్ణా పుష్కరాలు 2028లో రావలసి ఉన్నవి. శ్రీశైలం, సంగమేశ్వరాల దారిలో తప్పిపోయిన పిల్లలను, తోవ తెలియని వృద్ధులను చూసుకోవడానికి శిక్షణ పొందిన చేతులు కావలసి ఉంటవి. ఇప్పుడు మొదటి సంవత్సరం చదువుతున్నవారు అప్పటికి ఆరితేరి ఉండగలరు, ఇప్పుడు మొదలుపెడితే.

కమిటీ పెద్దలను కోరేది ఎక్కువ ఏమీ లేదు. శనివారం చివరి పీరియడు దళానికి వదలవలె. ఇప్పుడు ఆ గంటను ఏ సబ్జెక్టు వెనుకబడితే అది ఆక్రమిస్తున్నది. లెక్చరర్లలో ఒకరిని, అధ్యాపకురాండ్రలో ఒకరిని నాయకుల ప్రాథమిక శిక్షణకు పంపి, ఆ రోజులను సెలవులలో కోయక డ్యూటీగా లెక్కించవలె. ఇప్పుడు దళాన్ని చూస్తున్న మాస్టారు పదవీ విరమణకు దగ్గరలో ఉన్నారు. ఆయన తరువాత తాళంచెవి ఎవరి చేతికి ఇవ్వవలెనో ఎవరికీ తెలియదు. నాలుగు మంచి తాళ్ళు, రెండు ప్రథమచికిత్స పెట్టెలు, ఒక స్ట్రెచరు కొనవలె. వార్షికోత్సవపు వేదిక అలంకరణలో ఒక తోరణం తగ్గించినా ఈ ఖర్చు చాలవరకు వస్తుంది.

విద్యార్థి మిత్రులు జూలై మొదటి శనివారం మధ్యాహ్నం వ్యాయామోపాధ్యాయుల గదివద్ద పేర్లు ఇవ్వవచ్చును. పూర్వపు అనుభవం అవసరం లేదు; ఈత వచ్చినవారు ఆ సంగతి తప్పక చెప్పవలెను. పేరు వ్రాసిన చీటీలోనే తమ ఇంటికి దగ్గరలో ఉన్న ప్రాథమిక పాఠశాల పేరుకూడ వ్రాసి ఇస్తే, ఎవరిని ఎక్కడికి పంపవలెనో పంచుకొనడం సులభమవుతుంది.