పసివారికి ఫోనా, ఆటబయలా?

అన్నము తినకున్న ఫోను, ఏడ్చిన ఫోను, చుట్టములు వచ్చినవేళ అల్లరి మాన్పుటకు ఫోను! తిరుపతి వీధులలోనేమి, చిత్తూరు చుట్టుపట్ల పల్లెలలోనేమి, నాలుగేండ్లు నిండని బిడ్డకు నేడు అనేక గృహములలో ఇదియే దాది. ఇచ్చిన పెద్దలే, బిడ్డకు పదేండ్లు వచ్చుసరికి, వీనినెవరు చెడగొట్టిరని వాపోవుచున్నారు. తప్పు బిడ్డది కాదని మేము నిస్సంకోచముగా చెప్పుచున్నాము.

చట్టములు లేకపోలేదు. 2023వ సంవత్సరపు డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము, 18 ఏండ్లు నిండనివారి సమాచారమును వాడుటకు తలిదండ్రుల యనుమతి కావలెనని విధించినది. వారిని వెంబడించి ప్రకటనలు చూపరాదని నిషేధించినది. ఆస్ట్రేలియా దేశము 2025 డిసెంబరు 10 నుండి 16 ఏండ్లలోపువారికి సామాజిక మాధ్యమములలో ఖాతాలు లేకుండజేసినది. ఇవి మంచివే. కాని తండ్రి ఫోనులో, తండ్రి పేరిట బొమ్మలు చూచు బిడ్డను ఏ చట్టము కనిపెట్టగలదు? తలుపునకు తాళముతోబాటు లోపలి బిడ్డకు తెలివియు కావలెను.

ఆ తెలివి తోడిపిల్లల నడుమ కలుగును. గోలీలాటలో తొండిచేసినవానిని తోడివారు సహింపరు. దాగుడుమూతలలో తన వంతు వచ్చువఱకు బిడ్డ ఓపికపట్టును. 'నేను రాను' అని నిక్కచ్చిగా అనుటయు, 'వాడు కొట్టినా'డని పెద్దలకు చెప్పుటయు, ఓడియు మఱునాడు ఆటకు వచ్చుటయు అచ్చటనే అలవడును. ముక్కుమొగము తెలియనివాడు తెఱమీద, 'నీ ఫొటో పంపుము, అమ్మతో చెప్పకు'మన్నప్పుడు బిడ్డను కాపాడునవి ఆ కాదనగల నోరును, చెప్పుకొనగల చనువునే గదా!

తోడివారివలన నేర్చుట అక్షరములకును చెల్లునని మన సీమయే చూపినది. మదనపల్లె చెంతనున్న ఋషివ్యాలీలో పద్మనాభరావు, రమ దంపతులు 1980ల నుండి పల్లెబడులకై యొక పద్ధతిని రూపొందించిరి. అందు వేర్వేఱు తరగతుల పిల్లలు గుంపులుగా గూర్చుండి, చీట్లతో, ఆటలతో, ఎవరి నడకను వారు మెట్టుమెట్టుగా నేర్తురు. తెలిసినవాడు తెలియనివానికి చెప్పును. 2003లో చెన్నై నగరపాలక పాఠశాలలును, పిమ్మట తమిళనాడంతయు దానిని ఆదర్శముగా గైకొనినవి. మన పెరటిచెట్టు పొరుగువారికి మందైనది. మనకు మాత్రము కాకపోవలెనా?

'ఆడుటకు చోటెక్కడ?' అని పట్టణవాసులు ప్రశ్నింపవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. బండ్లతో నిండిన వీధిలోనికి బిడ్డను విడువుమని మేమనము. కాని పొలములను ఇండ్లస్థలములుగా విభజించు భూస్వాములారా, లేఔటులో విడువవలసిన బయలును కాగితముపై మాత్రమే విడువకుడు. బడుల యాజమాన్యములారా, సాయంకాలము ఆటస్థలమును పిల్లలకు తెఱచి యుంచుడు. రెండేండ్లు నిండని శిశువునకు తెఱ వలదనియు, నాలుగేండ్ల వఱకు దినమునకు గంట మించరాదనియు, మూడుగంటలైనను వారు మేనువంచి ఆడవలెననియు ప్రపంచ ఆరోగ్యసంస్థ 2019లో చెప్పినది. ఆ మూడుగంటలకు చోటు చూపవలసినది మనమే.

తలిదండ్రులకు మా మనవి యొక్కటి. ఫోను నడియింటనే చూడనిండు. భయపడిన బిడ్డ వచ్చి జరిగినది చెప్పినప్పుడు కొట్టకుడు. అవసరమైన 1098కి ఫోనుచేసి సాయము కోరుడు. ఒకసారి దెబ్బలు తిన్న బిడ్డ రెండవసారి చెప్పడు. మోసగాడు కోరునది ఆ మౌనమునే.