శా.శ.కు సా.శ.కు నడుమ 78 ఏండ్లు

గ్రూప్స్‌కు సదివేటోళ్లకు గీ తిప్పల ఎర్కే. పాత పుస్తకంల క్రీ.పూ., క్రీ.శ. అని ఉంటది. కొత్తదాంట్ల సా.శ.పూ., సా.శ. అని ఉంటది. అంటె సామాన్య శకం. ఇంగ్లీషుల బీసీ, ఏడీ పోయి బీసీఈ, సీఈ అచ్చినయి. 2024ల అచ్చిన ఎన్సీఈఆర్టీ ఆరో తరగతి సోషల్ పుస్తకంల గూడ గిట్లనే ఉన్నది. దీని మీద లొల్లి ఒడుస్తలేదు. క్రీస్తు పేరు అందరికెందుకు అని కొందరు, ఉన్న పేరు తీసేసుడు చరిత్రను చెరిపేసుడే అని ఇంకొందరు.

నేనైతె సామాన్య శకం దిక్కే. అన్ని మతాలోళ్లు, ఏ మతం లేనోళ్లు వాడే లెక్కకు అందరి పేరుంటె మంచిదే. గని పేరు మార్చంగనే లెక్కలకెళ్లి మతం పోయిందనుకుంటె మనల్ని మనం మోసం జేసుకున్నట్టే. లెక్క షురువైన జాగ మారలే. 525ల డయోనిసియస్ అనే క్రైస్తవ సన్యాసి రోమ్‌ల కూసోని ఏసు ఎప్పుడు పుట్టిండో అంచనా గట్టిండు, గదే ఇయ్యాల్టిదాక నడుస్తున్నది. గా అంచనా గూడ తప్పే. ఏసు పుట్టినప్పుడు ఏలిండని బైబిల్ చెప్పే హేరోదు రాజు, శానమంది చరిత్రకారుల లెక్కల క్రీ.పూ. 4లనే సచ్చిపోయిండు. అంటె క్రీస్తు క్రీస్తు పూర్వమే పుట్టిండన్నట్టు!

దేవున్ని నమ్మనోళ్లే ఈ పేరు పుట్టించిన్రు అనుడు గూడ కరెక్టు కాదు. గ్రహాల లెక్క తేల్చిన కెప్లర్ 1615లనే లాటిన్‌ల గిసొంటి మాట రాసిండు. ఆయన పక్కా క్రైస్తవుడు.

మనకు గిది కొత్తేం గాదు. తాతల భూమి కాయిదాలు తీసి సూడుండ్రి, ఫస్లీ అని ఉంటది. మొఘలుల కాలంల హిజ్రీ లెక్కను తీస్కోని, పంట చేతికచ్చే యాళ్లకు శిస్తు వసూలు జేసేతందుకు సూర్యుని లెక్కకు మార్చిన్రు. ఫసల్ అంటె పంట. నిజాం జమానాల ఏ మతపోని పట్టా అయినా ఫస్లీ మీదనే నడిచింది. 590 కలిపితె మనం వాడే ఏడాది అస్తది. ఫస్లీ 1357 అంటె 1947–48. మతం లెక్క పంట పేరు మీద ఊరందరిది అయ్యింది.

అసలు పంచాది తెలుగులనే ఉన్నది, దాని గురించి ఎవలు మాట్లాడుతలేరు. కాకతీయుల శాసనాలల్ల శక సంవత్సరాలు ఉంటయి. రామప్ప గుడి శాసనంల ఉన్నది 1135. దానికి 78 కలిపితె 1213. గీ శకాన్నే శాలివాహన శకం అంటం, పొట్టిగ శా.శ. కొత్త పేరేమో సా.శ.! ఒక్క అక్షరం ఫరక్. మాట్లాడేటప్పుడు మనం శ, స ఒక్కతీరే పలుకుతం. రామప్పది సా.శ. 1135 అని ఎవలన్న రాసుకుంటె, గుడి కట్టించిన రేచర్ల రుద్రుని ప్రభువు గణపతిదేవుడు అప్పటికింక గద్దె ఎక్కనే లేదు, ఎక్కింది 1199ల. ఒక్క మార్కు కాడ కొలువు జారిపోయే పరీక్షలల్ల గిది చిన్న ముచ్చట గాదు.

ఇదంత ఎందుకు, మన శకమే వాడుదం అనేటోళ్లు గూడ ఉన్నరు. మేఘనాథ్ సాహా కమిటీ జెప్పినట్టు 1957 మార్చి 22 నుంచి శక క్యాలెండర్ మన జాతీయ క్యాలెండర్. గెజిట్ మీద గా తారీఖు ఉంటది. హాల్‌టికెట్ మీద ఎన్నడన్న సూసిన్రా? మల్ల శకులు గూడ బయటికెళ్లి అచ్చినోళ్లే.

పుస్తకాలు రాసేటోళ్లు, పేపర్ సెట్ జేసేటోళ్లు శక సంవత్సరాన్ని పొట్టిగ రాసుడు బంద్ వెట్టాలె. పేరు పూర్తిగ రాసి, పక్కకు 78 కలిపిన ఏడు వెట్టాలె. 1213 లెక్కటి ఏండ్లకైతె ముందుగాల ఏ పేరు లేకున్నా నడుస్తది. శకానికి ముందటి ఏండ్లకే పేరు కావాలె, గక్కడ రెండు పేర్లు పక్కపక్కన అచ్చెయ్యాలె, పాత పుస్తకంల సదివిన పోరగాడు పరీక్ష హాల్ల పరేషాన్ గాకుంట.