నర్సమ్మగారి బదిలీ

దగ్గరి బంధువు ఒకరికి తోడుగా కొన్నేళ్ళ క్రిందట నెలకొకసారి ఒక జిల్లా ఆసుపత్రిలోని మానసిక చికిత్సా విభాగానికి వెళ్ళవలసి వచ్చేది. డాక్టరుగారి పిలుపు వచ్చేసరికి రెండు గంటలు పట్టేది. ఆ రెండు గంటలూ వరండాలోని బల్ల మీద కూర్చుని చుట్టూ ఉన్నవారిని చూడడం తప్ప వేరే పని ఉండేది కాదు. మనోవ్యాధుల గురించి నాకు తెలిసినదానిలో సగానికి పైగా ఆ బల్ల మీద తెలుసుకున్నదే.

ఒక మంగళవారం ఉదయం ఒక వృద్ధురాలు ముప్పయ్యేళ్ళ కొడుకును వెంటబెట్టుకుని వచ్చింది. వారిని నేను అంతకు ముందు చాలాసార్లు చూశాను. మూడు వారాలకొకసారి వచ్చి, సూదిమందు వేయించుకుని, మధ్యాహ్నం బస్సుకు వెళ్ళిపోయేవారు. ఆనాడు సూదుల గది తలుపు దగ్గర కొత్త నర్సు నిలబడి వరుస సంఖ్యలు పిలుస్తున్నది.

"మా నర్సమ్మగారు లేరా బాబూ?" అని వృద్ధురాలు వార్డుబాయిని అడిగింది.

"ఆవిడకు బదిలీ అయిపోయింది పెద్దమ్మా. ఈవిడ చేత వేయించుకోండి. ఎవరు వేస్తే ఏముంది, మందు అదే గదా!" అన్నాడతను. అతని మాటలో తిరస్కారం లేదు. ఉన్న సంగతి చెప్పాడు, అంతే.

కొడుకు తలుపు వంక ఒకసారి చూశాడు. లేచి, ఎవరితోనూ మాట్లాడకుండా మెట్లు దిగి వెళ్ళిపోయాడు. తల్లి చేతిలో కార్డు పట్టుకుని అతని వెనుక పరుగెత్తింది. వరండా గోడకు తగిలించిన నోటీసుబోర్డు మీద బదిలీ ఉత్తర్వు ప్రతి ఉన్నది. అది ఉద్యోగుల కొరకు పెట్టినది. దానిని చదవవలసిన అవసరం రోగులకు కూడా ఉంటుందని ఎవరికీ తోచలేదు.

ఎవరు వేస్తే ఏముంది అన్న ప్రశ్నకు సమాధానం ఆ జబ్బు స్వభావంలోనే ఉన్నది. స్కిజోఫ్రెనియా సోకిన మనిషికి చాలాసార్లు తనకు జబ్బున్నదన్న ఎరుక ఉండదు. ఇతరులు తనకు హాని తలపెడుతున్నారన్న అనుమానం దాని లక్షణాలలో ఒకటి. అటువంటి మనిషి ఒకరి ఎదుట కూర్చుని సూది వేయించుకుంటున్నాడంటే, ఆ ఒక్కరి విషయంలో అనుమానాన్ని ప్రక్కన పెట్టాడన్నమాట. అందుకు ఎన్ని నెలలు పట్టి ఉంటుందో ఊహించుకోవచ్చు. ఫ్లూఫెనజిన్ డెకనోయేట్ వంటి సూదిమందులు కండరంలో నిలిచి, రెండు నుండి నాలుగు వారాల పాటు మెల్లగా రక్తంలో కలుస్తాయి. రోజూ మాత్ర మింగించే పోరు ఇంట్లోవారికి తప్పుతుంది. కాని ఒక సూది తప్పిన మరునాడే జబ్బు తిరగబెట్టదు. అదే చిక్కు. కొన్ని వారాలు, ఒక్కొక్కప్పుడు కొన్ని నెలలు, మనిషి బాగానే ఉంటాడు. మందు లేకుండానే బాగున్నాడు గదా అని ఇంట్లోవారు కూడా ధైర్యపడతారు. ఆ తరువాత నిద్ర పోతుంది. నిద్రతో పాటు మిగిలినవన్నీ పోతాయి.

మన దేశంలో మానసిక వైద్యం ఆసుపత్రి గోడలు దాటి ఊళ్ళలోకి వచ్చిన చరిత్రను పరిశీలిస్తే, ప్రతి మలుపులోనూ కొత్త మందు కంటె కొత్త మనిషి కనిపిస్తాడు. 1950లలో అమృతసర్ మానసిక చికిత్సాలయానికి అధికారిగా ఉన్న డాక్టర్ విద్యాసాగర్, సిబ్బంది చాలక, ఆసుపత్రి ఆవరణలో గుడారాలు వేయించి రోగుల కుటుంబాలవారిని అందులో ఉండమన్నారు. బంధువులే సపర్యలు చేశారు. చేస్తూ చేస్తూ జబ్బు గురించి తెలుసుకున్నారు, ఇంటికి వెళ్ళాక ఏమి చేయాలో నేర్చుకున్నారు. 1957లో వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాల ప్రారంభించిన మానసిక ఆరోగ్య కేంద్రంలో కూడా రోగితో పాటు ఇంటివారొకరు ఉండడం పద్ధతిగా పెట్టుకున్నారు. పాశ్చాత్య దేశాలలో బంధువులను గేటు బయట నిలబెడుతున్న కాలమది. లేమిలో నుండి పుట్టిన ఈ ఏర్పాటు మన వైద్యులు ప్రపంచానికి చూపిన మంచి మార్గాలలో ఒకటని నా అభిప్రాయం.

1975లో బెంగుళూరు నిమ్‌హాన్స్ సంస్థ సమీపంలోని సకలవార గ్రామంలో మరొక అడుగు వేసింది. గ్రామ ఆరోగ్య కార్యకర్తలు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల వైద్యులు కొద్దిపాటి శిక్షణతో మనోవ్యాధులను గుర్తించి, మందులిచ్చి, మానిపోకుండా చూడగలరా అన్నది అక్కడి ప్రశ్న. ఆ రోజులలోనే ఛండీగఢ్‌లోని వైద్య విద్యా పరిశోధన సంస్థ హర్యానాలోని రాయపూర్ రాణీ బ్లాకులో ప్రపంచ ఆరోగ్య సంస్థ తోడ్పాటుతో అదే ప్రశ్నను పరీక్షించింది. రెండు చోట్లా చేయగలరనే తేలింది. 1982లో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం రూపొందింది. తరువాత బళ్ళారి జిల్లాలో జిల్లా స్థాయి నమూనా నడిచింది. 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం మొదట నాలుగు జిల్లాలలో మొదలయినప్పుడు వాటిలో మన మెదక్ ఒకటి. ఇప్పుడది 700కు పైగా జిల్లాలకు మంజూరయింది.

మంజూరయిన జిల్లా బృందంలో మానసిక వైద్యుడు, మనస్తత్వ నిపుణుడు, సాంఘిక కార్యకర్త, నర్సులు, రోగుల వివరాల పట్టీ వ్రాసే సహాయకుడు ఉండాలి. కాగితం మీద ఇది చక్కని బృందం. అయితే వీరిలో అనేకులు కాంట్రాక్టు ఉద్యోగులు. జీతం ఆలస్యమైతే, మరొక చోట స్థిరమైన ఉద్యోగం దొరికితే వెళ్ళిపోతారు. వెళ్ళవద్దని చెప్పే హక్కు మనకెవరికీ లేదు. ఖాళీ అయిన పోస్టును మళ్ళీ నింపితే లెక్క సరిపోతుంది. కాని ఆ వెళ్ళినావిడకు ఏ రోగి కిటికీ ప్రక్కన తప్ప కూర్చోడో, ఏ తల్లి చదువురాని సంగతి దాచుకుంటుందో, ఏ ఇంట్లో మాత్రలను కోడలి చేతికివ్వాలో, కొడుకు చేతికివ్వకూడదో తెలుసును. ఆ జ్ఞానం ఏ రిజిస్టరులోనూ లేదు. ఆవిడతో పాటే బస్సెక్కి వెళ్ళిపోయింది.

ఇందుకు ఆ ఉద్యోగులను నిందించడం అన్యాయం. "రిలీవింగ్ ఆర్డరు మధ్యాహ్నం చేతికిచ్చి, మరునాటి ఉదయానికి కొత్తచోట చేరమంటారండీ. నా రోగులు మూడు వారాలకు గాని రారు. ఎవరికి చెప్పి వెళ్ళను?" అని ఒక నర్సు నాతో అన్నది. ఆ ప్రశ్నకు నా వద్ద సమాధానం లేకపోయింది.

చిత్రమేమిటంటే శాసనకర్తలకు ఈ సంగతి కొంత తోచింది. 2017 నాటి మానసిక ఆరోగ్య రక్షణ చట్టం, 98వ సెక్షనులో, రోగిని ఇంటికి పంపేటప్పుడే గాక అతని బాధ్యత కొత్త మానసిక వైద్యుని చేతికి మారేటప్పుడు కూడా, పాత వైద్యుడు రోగితోనూ, అతని ప్రతినిధితోనూ, కుటుంబంతోనూ, రాబోయే వైద్యునితోనూ సంప్రదించి, ఇకమీదటి చికిత్స ఎలా జరగాలో నిర్ణయించాలని చెప్పింది. మంచి నియమం. అయితే అది వైద్యుని గురించే చెప్పింది. ఊళ్ళకు తిరిగే నర్సు గురించి, ఇంటి గడప ఎక్కే కార్యకర్త గురించి చెప్పలేదు. రోగి నెలకు అయిదు నిమిషాలు చూసేది వైద్యుణ్ణి. పేరుపెట్టి అడిగేది మాత్రం నర్సమ్మగారిని.

చట్టం చెప్పకపోయినా చేయదగిన పనులు కొన్ని ఉన్నాయి. వాటికి ఖర్చు లేదు. వెళ్ళేవారు, వచ్చేవారు ఒక్క విడత రోగులను కలిసి చూడడం మొదటిది. "ఈవిడ నా చెల్లెలు వంటిది, ఇకమీదట ఈవిడ చూస్తుంది" అన్న ఒక్క మాట పాత మనిషి నోట వినిపిస్తే సగం బెంగ తీరుతుంది. అది వీలుకానప్పుడు, రోగి కార్డు మీద మందు పేరుతో పాటు మనిషికి సంబంధించిన రెండు వాక్యాలు వ్రాసి పెట్టవచ్చు. నోటీసుబోర్డు మీద ఉత్తర్వు ప్రతికి బదులు, ఎవరు వెళ్ళారో, ఎవరు వచ్చారో, ఏ గదిలో ఏ రోజున ఉంటారో పెద్ద అక్షరాలతో తెలుగులో వ్రాయవచ్చు. చదువురానివారికి గది బయట ఒకరు చెప్పవచ్చు. ఈ విడత రానివారి పేర్లు చూసుకుని, వారం లోపల ఆశా కార్యకర్త చేత కబురు పంపడం అన్నిటికంటె ముఖ్యం. తప్పిన సూదికి, తిరగబెట్టిన జబ్బుకు నడుమ ఉన్న కాలంలోనే ఏదైనా చేయగలిగేది.

కుటుంబాలవారు కూడా అంతా ఆసుపత్రి చేతిలో పెట్టి ఊరుకోకూడదు. ఒక వంద పేజీల నోటుపుస్తకం కొనండి. జబ్బు మొదలైన సంవత్సరం, ఇచ్చిన మందులు, మోతాదులు, ఏది పడలేదు, చివరి సూది తేదీ అందులో వ్రాసుకోండి. కొత్తగా వచ్చినవారి ముందు ఆ పుస్తకం పెడితే కథంతా మొదటి నుండి చెప్పే శ్రమ తప్పుతుంది. తన చికిత్సకు సంబంధించిన ప్రాథమిక రికార్డులను చూసే హక్కు రోగికి చట్టం ఇచ్చింది. మనిషి నిలకడగా ఉన్న రోజులలో, తన తరపున మాట్లాడవలసిన ప్రతినిధి ఎవరో తెల్లకాగితం మీద వ్రాసి, సంతకమో వ్రేలిముద్రో పెట్టించండి. అవసరమైన మందుల జాబితాలో ఉన్న వాటిని సామాజిక ఆరోగ్య కేంద్రం మొదలుకొని పై ప్రభుత్వ ఆసుపత్రులన్నిటిలో ఉచితంగా ఇవ్వాలని కూడా అదే చట్టం చెబుతున్నది. నిండుకున్నాయంటే ఎప్పుడు వస్తాయని అడగడానికి జంకవద్దు. దీర్ఘకాలపు మనోవ్యాధిని 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం వైకల్యంగా గుర్తించింది. 40 శాతానికి తగ్గకుండా నిర్ధారించిన ధ్రువపత్రం ఉంటే చాలా పథకాలకు అదే ఆధారమవుతుంది.

అర్ధరాత్రి ఏమి చేయాలో తోచనప్పుడు 14416 అనే టెలిఫోను నంబరు ఉన్నది. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలి-మానస్ సేవ అది. రాత్రింబవళ్ళు పనిచేస్తుంది, ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడవచ్చు. ఆత్మహత్య ఆలోచనలు మాట్లాడుతున్న మనిషిని ఒంటరిగా వదలకుండా, ప్రక్కన కూర్చునే ఈ నంబరుకు ఫోను చేయవచ్చు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు మాత్రం ఫోనుతో ఆగక దగ్గరి ఆసుపత్రికి తీసుకుపోవాలి. ఫోనులో వినిపించే గొంతు ప్రతిసారీ ఒకరిదే కానవసరం లేదు, నిజమే. అయినా ఆ వేళకు మాట్లాడే మనిషి ఉండడం చిన్న విషయం కాదు.

ఇవేవీ అందనివారు ఎక్కడికి వెళతారో మనకు తెలియనిది కాదు. 2015–16లో నిమ్‌హాన్స్ 12 రాష్ట్రాలలో జరిపిన జాతీయ సర్వేలో, వివిధ మానసిక వ్యాధులున్నవారిలో 70 నుండి 92 శాతం మందికి చికిత్స అందడం లేదని తేలింది. తమిళనాడులోని ఎర్వాడిలో 2001 ఆగస్టు 6న పూరింట్లో నిప్పంటుకున్నప్పుడు, గొలుసులతో కట్టివేసి ఉన్నందున తప్పించుకోలేక 28 మంది మరణించారు. వారిని అక్కడ వదలినవారందరూ కఠినాత్ములని నేననుకోను. తిరిగి తిరిగి, అడిగి అడిగి, చివరకు అలసిపోయిన కుటుంబాలు ఎన్నో వారిలో ఉండి ఉంటాయి.

వరండాలో చూసిన తల్లీకొడుకుల సంగతి చెప్పాలి. ఆ తరువాత నాలుగు నెలలు వారు కనిపించలేదు. ఒకనాడు తల్లి ఒక్కతే వచ్చి బల్ల మీద నా ప్రక్కన కూర్చున్నది. కొడుకుకు నిద్రపట్టడం మానేసి, పొరుగింటివారి తలుపులు బాది, చివరకు పెద్దాసుపత్రిలో ఆరు వారాలు ఉండి వచ్చాడట. ఇంటి దగ్గరే ఉన్నాడు, ఇక్కడికి రానంటున్నాడు. ఆ మాటలు కొత్త నర్సు విన్నది. సంఖ్యలు పిలవడం ఆపి, వచ్చి ఆమె ఎదుట గొంతుక్కూర్చుని, "అమ్మా, ఆ అక్కయ్యగారు అతన్ని ఎక్కడ కూర్చోబెట్టేవారు?" అని అడిగింది. వృద్ధురాలు లేచి లోపలికి వెళ్ళి కిటికీ ప్రక్కన చోటు చూపించింది. నర్సు మందుల బల్లను కొంచెం జరిపి, ఒక స్టూలు తెచ్చి అక్కడ వేసింది. తరువాత కాగితం మీద తన పేరు, తాను సూదుల గదిలో ఉండే రోజులు వ్రాసి ఆమె చేతికిచ్చింది.

తరువాతి మంగళవారం అతను వచ్చాడు. గది లోపలికి మాత్రం వెళ్ళలేదు. గుమ్మం దగ్గర నిలబడి చాలాసేపు ఆ స్టూలు వంక చూసి తిరిగి వెళ్ళాడు. ఆ మరుసటి మంగళవారం కూర్చున్నాడు.