కాగితం లేని రైతుకు వాతావరణ పాఠాలా?



సారపాక నుంచి ఈ నాలుగు మాటలు రాస్తున్నాం. ఒక పక్క గోదావరి, ఇంకో పక్క అడవి. మధ్యలో మన మాలపల్లెలు, మాదిగగూడేలు. ఊళ్ళో కాగితపు మిల్లు ఉంది. కాని ఆ ఊరి చుట్టూ సేద్యం చేసే మనవాళ్ళలో చాలామంది దగ్గర భూమి కాగితం మాత్రం లేదు. ఈ వ్యాసంలో చెప్పదలచుకున్నది ఆ సంగతే.

కాలం మారిందని మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులు వచ్చింది. మన పెద్దలు ఇప్పటికీ చెప్పుకునే వరద అది. మళ్ళీ 2022 జులైలో 71.3 అడుగులు వచ్చింది. 53 అడుగులకే మూడో ప్రమాద హెచ్చరిక ఎగరేస్తారు. మరి 71 అంటే ఎంతో సారపాక, బూర్గంపాడు జనానికి తెలుసు. 2024 సెప్టెంబరు మొదట్లో మున్నేరు ఖమ్మం పట్నాన్నే ముంచింది. వానొస్తే పది రోజుల వాన ఒక్క పూటలో కొడుతోంది. రాకపోతే మొలక మాడిపోయిందాకా రావడం లేదు. రెండోసారి విత్తనం కొనాల, రెండోసారి అప్పు చెయ్యాల.

వరద ఎవరింటికి ముందొస్తది? పల్లంలో ఉన్న గూడేనికి. నష్టపరిహారం ఎవరింటికి ముందొస్తది? పట్టా ఉన్నవాడికి. ఈ రెండు ప్రశ్నలకూ జవాబు ఒక్కటి కానంతకాలం వాతావరణం గురించి ఎన్ని సభలు పెట్టినా మనకు ఒరిగేదేమీ లేదు.

ఈ మధ్య ఒక శిక్షణ సభకు వెళ్ళాం. వాతావరణాన్ని తట్టుకునే సేద్యం ఎట్లా చెయ్యాలో చెప్పారు. ఒకే పంట మీద ఆధారపడొద్దు, పత్తిలో కంది వెయ్యండి, చిరుధాన్యాలు వెయ్యండి, నేల ఎండకు మాడకుండా ఆకూ అలమూ కప్పండి, జీవామృతం పొయ్యండి అన్నారు. అన్నీ మంచి మాటలే. మన గూడెం పెద్దమ్మ ఒకామె లేచి, "సారూ, నేనూ ఇయ్యన్నీ చేస్త. విత్తనాలిస్తరా?" అని అడిగింది. "పాసుబుక్కు ఉందామ్మా?" అన్నాడాయన.

"పాసుబుక్కు ఆసామి కాడుంది సారూ, చేను నా కాడుంది. మళ్ళేడు ఉంటదో ఉండదో. నేను చెరువు మట్టి తోలి, పెంట పోసి చేను బాగు చేస్తే ఆయన కౌలు పెంచుతడు. లేకుంటే ఇంకోడికి ఇస్తడు. బాగుపడ్డ చేను నాదెట్లయితది?"

సభలో ఎవరూ మాట్లాడలేదు. మేం పిల్లలకు పాఠాలు చెప్పేవాళ్ళం. ఆరోజు ఆమె దగ్గర పాఠం నేర్చుకుని వచ్చాం.

ఆలోచించండి. నేల బాగుపడాలంటే ఒక్క కారు చాలదు. రెండేళ్ళో మూడేళ్ళో పడుతుంది. గట్టు వెయ్యడం, గుంట తవ్వడం, చెట్టు పెంచడం రేపటి కోసం ఇవాళ చేసే ఖర్చు. నోటిమాట కౌలు మీద ఏడాదికేడాది బతికేవాడు రేపటి కోసం ఎట్లా ఖర్చు పెడతాడు? వాడికి తెలివి లేక కాదు, రేపు వాడిది కాదు. "దళిత రైతులకు అవగాహన లేదు" అని రాసే పెద్దమనుషులు ఈ మాట ముందు రాయాలి.

జీవామృతం సంగతే చూడండి. పది కిలోల పేడ, పది లీటర్ల దాకా మూత్రం, రెండు కిలోల బెల్లం, రెండు కిలోల పప్పుపిండి, గుప్పెడు గట్టు మట్టి, 200 లీటర్ల నీళ్ళు. పేడ మన అమ్మల చేతులకు కొత్తా? ఆసాముల కొట్టాల్లో ఎత్తీ ఎత్తీ అరిగిన చేతులవి. కాని ఆ పశువు మనది కాదు, ఆ పెంట మనది కాదు, అది పోసే చేనూ మనది కాదు.

చిరుధాన్యాలూ అంతే. మేం చదువుకునే రోజుల్లో జొన్నగటక డబ్బా మూత నలుగురిలో తీయలేక చెట్టు చాటుకు పోయేవాళ్ళం. 1983లో రెండు రూపాయల కిలో బియ్యం వచ్చింది. ఆకలి తీరింది, దానికి మేం సిగ్గుపడం. కాని ఆ బియ్యం వెనకే మన జొన్న, కొర్ర, సామ చేలల్లోంచి పోయినయ్. విత్తనం పోయింది, గాదె పోయింది. 2023ను ప్రపంచమంతా చిరుధాన్యాల సంవత్సరంగా జరిపారు. ఇప్పుడవి పట్నం దుకాణాల్లో పాకెట్లయినయ్. మనం తింటే గటక, వాళ్ళు తింటే ఆరోగ్యం!

అయితే మనవాళ్ళు చెయ్యలేరా? చేసి చూపించారు. జహీరాబాద్ ప్రాంతంలో పస్తాపూర్ కేంద్రంగా 1983 నుంచి పనిచేస్తున్న డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలను చూడండి. సుమారు 75 ఊళ్ళు, 5,000 మంది ఆడవాళ్ళు. ఎక్కువమంది దళితులు. రాళ్ళు తేలిన పడావు భూముల్లో జొన్న, కంది, కొర్ర, సామ, అవిసె అన్నీ కలిపి చల్లారు. ఒకటి పోతే ఇంకొకటి చేతికొచ్చింది. ఇంటింటా విత్తనం బూడిద, వేపాకు కలిపి దాచారు. 1990ల మధ్యలో సొంతంగా ధాన్యం నిధి పెట్టుకున్నారు. పడావు భూమి బాగుచేసుకునేందుకు రైతుకు అప్పు ఇచ్చి, దాన్ని జొన్నల రూపంలో తిరిగి తీసుకుని, ఆ జొన్నల్ని ఊళ్ళో అందరికన్నా పేదోళ్ళకు చవకగా ఇచ్చారు. ఎవరు పేదోళ్ళో ఊరివాళ్ళే తేల్చారు. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ వాళ్ళకు ఈక్వేటర్ బహుమతి ఇచ్చింది. కాని ఒక సంగతి మరవొద్దు. వాళ్ళు భూమి మీద పట్టు కూడా సంపాదించారు. ప్రభుత్వ పథకాలతో కొంత కొన్నారు, కొంత గుంపుగా కౌలుకు తీసుకున్నారు. ఒంటరి కౌలుదారుని పొమ్మన్నంత తేలిగ్గా సంఘాన్ని పొమ్మనలేరు.

పక్క ఆంధ్రప్రదేశ్‌లో 2016 నుంచి మహిళా సంఘాల ద్వారా ప్రకృతి సేద్యం నడుస్తోంది. 2024లో దానికి గుల్బెంకియన్ బహుమతి వచ్చింది. ఆ బహుమతి పంచుకున్న వాళ్ళలో ఆఫ్రికా దేశమైన ఈజిప్టు సంస్థ సెకెమ్ కూడా ఉంది.

ఆఫ్రికా మాట వచ్చింది కనుక అక్కడి చిన్న రైతు కథ కూడా వినండి. సహారా ఎడారి దక్షిణపు అంచున నైజర్ ఉంది. ఫ్రెంచి దొరల కాలం నుంచీ అక్కడ చేలో చెట్టు కూడా సర్కారుదే. కొమ్మ కొడితే జరిమానా. అందుకని రైతు మొలకనే పీకేసేవాడు. 1980ల నుంచి ఆ పట్టు సడలింది. చెట్టు మనదే అని రైతుకు నమ్మకం కుదిరింది. పాత మోళ్ళ నుంచి వచ్చే చిగుళ్ళను కాపాడుకుంటూ పోయారు. దాదాపు 50 లక్షల హెక్టార్లలో చెట్లు లేచాయి. కొత్త మొక్క నాటింది తక్కువ, ఉన్నదాన్ని పెరగనిచ్చిందే ఎక్కువ.

బుర్కినాఫాసోలో యాకూబా సవదోగో అనే రైతు ఎండాకాలంలో గట్టి నేలలో గుంటలు తవ్వి, పెంట వేసి, తొలి వాన ఆ గుంటల్లో నిలిచేట్టు చేసి జొన్న, సజ్జ పండించాడు. అడవినే పెంచాడు. 2018లో రైట్ లైవ్లీహుడ్ బహుమతి అందుకున్నాడు. కాని ఆ అడవిలో కొంత నేలను పట్నం పెంచడానికి ప్లాట్లుగా గీశారు. 2023లో ఆయన చనిపోయాడు. చూశారా? అక్కడైనా ఇక్కడైనా కథ ఒక్కటే. చెమట ఒకరిది, కాగితం ఇంకొకరిది.

మన లెక్క చూడండి. 2011 జనాభా లెక్కల్లో దేశంలో నూటికి 16.6 మంది ఎస్సీలు. 2015-16 వ్యవసాయ గణనలో సాగు విస్తీర్ణంలో మన వాటా నూటికి తొమ్మిది కూడా లేదు. తెలంగాణలో 2014లో దళితులకు మూడెకరాలన్నారు. అది కొన్ని వేల కుటుంబాల దగ్గరే ఆగింది. 2018లో రైతుబంధు వచ్చింది. కౌలు రైతును పక్కన పెట్టింది. 2025 జనవరి 26న అది రైతు భరోసా అయింది, ఎకరానికి ఏడాదికి 12,000 రూపాయలన్నారు. అదీ పాసుబుక్కో, పోడు పట్టానో ఉన్నవాళ్ళకే.

మన ఏజెన్సీలో ఇంకో ముడి ఉంది. 1/70 చట్టం ప్రకారం గిరిజనేతరులకు భూమి బదలాయించకూడదు. కౌలు కూడా బదలాయింపు కిందికే వస్తుంది. అందుకే మన కౌలుకు ఇక్కడ కాగితం పుట్టదు. దీన్ని చూపించి కొందరు పెద్ద రైతులు "1/70 పోతే మీకూ పట్టాలొస్తయ్" అని మన చెవిలో ఊదుతున్నారు. నమ్మొద్దు! ఆ చట్టం పోతే భూమి వచ్చేది మనకు కాదు, డబ్బున్నవాడికి. కోయ సోదరుల భూమి కోయ సోదరులదే. వాళ్ళతో తగువు పెట్టుకుని మనం గెలిచేదేమీ లేదు.

బాబాసాహెబ్ 1918లోనే చిన్న కమతాల మీద వ్యాసం రాశారు. కమతం చిన్నదా పెద్దదా అన్నది ఎకరాలతో తేలదు, దాని మీద పెట్టే పెట్టుబడితో, పనిముట్లతో తేలుతుందన్నారు. 1947లో 'రాష్ట్రాలు, మైనారిటీలు' అన్న పత్రంలో కులం చూడకుండా భూమిని ఊరివాళ్ళకు ఇచ్చి, ఉమ్మడిగా సాగు చేయించాలన్నారు. జహీరాబాద్ అక్కలు గుంపుగా చేసిన సేద్యం ఆ బాటకు దగ్గరిదే.

అందుకే మేం అడిగేది ఇది.

ఒకటి. విత్తనం, శిక్షణ, పంట నష్టం డబ్బు చేను దున్నినవాడికే ఇవ్వాలి. ఎవరు దున్నుతున్నారో గ్రామసభ చెబుతుంది. దీనికి భూమి హక్కు మార్చక్కర్లేదు, 1/70 ముట్టుకోనక్కర్లేదు. ఏజెన్సీ బయట 2011 సాగుదారుల చట్టం కింద కార్డులివ్వాలి.

రెండు. ఏజెన్సీ బయటి సర్కారు భూములు, మిగులు భూములు భూమిలేని దళిత ఆడవాళ్ళ సంఘాలకు ఇవ్వాలి.

మూడు. అటవీ హక్కుల చట్టంలో గిరిజనేతరులు మూడు తరాలు, అంటే 75 ఏళ్ళు, రుజువు చూపాలి. కాగితం లేదని ఇంటికి రావద్దు. ఊరి పెద్దల వాంగ్మూలం రాయించుకుంటే అదీ రుజువే. దానికి ఇంకో రుజువు జతచెయ్యండి.

నాలుగోది మన పని. ప్రతి గూడెంలో ఒక విత్తనాల కుండ పెట్టండి. ఇంటికో గుప్పెడు జొన్న, కంది, కొర్ర పొయ్యండి. ముసలమ్మల్ని అడిగి ఏది ఎప్పుడు వెయ్యాలో రాసిపెట్టండి. రాయడం రాకపోతే మీ పిల్లల్ని పంపండి, బడి అయ్యాక మేం రాయిస్తాం.

మళ్ళీ గోదావరి వస్తది, ఆగదు. అది వచ్చేలోగా ఆ పెద్దమ్మ ప్రశ్నకు జవాబు కావాలి. బాగుపడ్డ చేను ఎవరిది?

జై భీమ్!