అటకమీది తుపాకి

టెక్కలినుంచి ఒక సోదరి వ్రాసిన ఉత్తరం వారం రోజులుగా నా బల్లమీద ఉన్నది. కుట్లూ అల్లికలూ, పిల్లల చదువులూ అడిగే ఉత్తరాల మధ్య యిటువంటిది నాకు ఇదే మొదటిది. కొంత కుదించి ఇస్తున్నాను.

"2018 అక్టోబరులో తిత్లీ తుఫాను మా ఉద్దానం తోటలను నేలమట్టం చేసినప్పుడు, పల్లెలోని మామగారి పాత ఇంటి కప్పు కూడ ఎగిరిపోయింది. ఇన్నాళ్ళకు బాగుచేయిస్తూ అటక దులిపితే, గోనెపట్టాలో చుట్టిన పొడుగాటి తుపాకి బయటపడింది. మూతిలోంచి మందు పోసి దట్టించే రకం. గొట్టంలోపల మెలికలు తిరిగిన గీతలున్నాయి. గొట్టంమీద మడతపెట్టే చిన్న నిచ్చెనవంటిది, దానిమీద అంకెలు. మా మరిదిగారి అబ్బాయి సైన్యంలో ఉన్నాడు. సెలవుమీద వచ్చి, 'పెద్దమ్మా, దీనికి మంచి గురి బిగిస్తే జీడితోటలో పందుల పీడ వదిలిపోతుంది' అంటున్నాడు. అత్తగారు దసరాకు పూజలో పెడదామంటారు. మావారు ఎటూ చెప్పరు. ఆ నిచ్చెన ఏమిటి? కొత్త గురి పెట్టించవచ్చునా?"

ముందు నిచ్చెన సంగతి. గుండు తుపాకి వదిలిన క్షణంనుంచీ నేలకు దిగుతూనే ఉంటుంది. దూరపు కొమ్మకు రాయి విసిరే కుర్రవాడు చేతిని పైకెత్తినట్లే, దూరానికి కాల్చేవాడు గొట్టం మూతిని పైకెత్తాలి. ఎంత ఎత్తాలో చెప్పేది ఆ నిచ్చెన. వెనుక గురిని ఎంత పైకి జరిపితే, దానిలోంచి చూచేవాడు మూతిని అంత పైకెత్తక తప్పదు. 1853లో ఇంగ్లండువారు తయారుచేసిన ఎన్‌ఫీల్డు తుపాకికి ఇటువంటిదే ఉండేది. గొట్టం 39 అంగుళాలు, లోపల మెలికగా తిరిగే మూడు గాళ్ళు. నిచ్చెన పడుకొని ఉంటే 100నుంచి 400 గజాలవరకు మెట్లు. లేపి నిలబెడితే 900 గజాలదాకా అంకెలు. మీ ఇంట్లోది అసలుదో, దానిని చూచి చేసిన నకలో చూడకుండా చెప్పలేను.

1857లో తూటాల కొవ్వు పుకారుతో సిపాయిల తిరుగుబాటుకు పేరు తెచ్చినది ఈ ఎన్‌ఫీల్డే. అది చల్లారిన తరువాత దొరలు చేసిన పని ఒకటి చరిత్ర పుస్తకాలలో అంతగా కనపడదు. మన సిపాయిలకిచ్చే తుపాకులలో మెలిక గాళ్ళు తీసివేసి గొట్టం నున్నగా తొలిపించారు. నిచ్చెన కూడ ఊడబీకి, దాని చోట కదలని చిన్న గంటు మిగిల్చారు. పైకి అదే తుపాకి. దూరపు గురి మాత్రం లేదు. మీ తుపాకికి మెలికలూ నిచ్చెనా రెండూ ఉన్నవంటే, అది అలా గొట్టం తొలిపించిన రకం కాదన్నమాట. మీ మామగారి పెద్దలకు ఎలా చేరిందో అత్తగారిని మెల్లగా అడిగి చూడండి.

900 గజాల నిచ్చెన ఉద్దానంలో ఎందుకు పనికివస్తుంది? జీడిచెట్ల క్రింద, కొబ్బరి మొదళ్ళ మధ్య 40 గజాలు కనపడితే గొప్ప. 100 గజాలకు కట్టిన అట్టడుగు మెట్టుతో అంత దగ్గరకు కాలిస్తే గుండు గురిపెట్టిన చోటికంటె కొంచెం పైన తగులుతుంది. మీ అబ్బాయి కొత్త గురి కావాలన్నది అందుకే కావచ్చు. గురిని ఎన్నుకోవటం గురించి నాకు తెలిసినదంతా మా తాతగారి దగ్గర చూచినదే.

అంతకుముందు చిన్న పరీక్ష. దేవుడిగదిలో దీపానికి ఎదురుగా నిలబడి, చెయ్యి చాచి, వేలు దీపానికి సూటిగా పెట్టండి. ఒక కన్ను మూసి చూడండి. వేలిగోరు స్పష్టంగా కనపడితే దీపం మసక. దీపం స్పష్టమైతే గోరు మసక. రెండూ ఒక్కసారి కుదరవు. తుపాకి పట్టినవాడికి రెండు కాదు, మూడు: కంటిదగ్గర గంటు, మూతికొసన పూస, ఎదుట జంతువు. మా ఊళ్ళో పదవీ విరమణ చేసి వచ్చిన సిపాయి ఒకరు తాతగారికి ఎప్పుడూ ఒకే మాట చెప్పేవారు: "బావూ! కన్ను పూసమీదుండాల గాని పందిమీద కాదండి." పంది కొంచెం మసకబారినా ఫరవాలేదు. పూస మసకబారితే గుండు ఎటు పోతుందో కాల్చినవాడికే తెలియదు.

తాతగారిది పంటకాపలాకు లైసెన్సున్న టోపీ తుపాకి. మెలికలు లేని నాటు గొట్టం. అయినా గురి సూత్రం ఒకటే. చత్వారం వచ్చాక ఆయనకు గంటు బొత్తిగా అలుక్కుపోయింది. చిల్లు గురి పెట్టించమని ఎవరో సలహా ఇచ్చారు. అట్టముక్కకు సూదితో బెజ్జం చేసి, కంటికి ఆనించి దినపత్రిక చూడండి. కళ్ళజోడు లేకుండానే అక్షరాలు తేటపడతాయి. చిల్లు గురి కిటుకు అంతే. పట్టపగలు, పందెపు గురికి దానిని మించినది లేదు. కాని పందులు వచ్చేది మునిమాపు వేళ. అప్పుడు సన్నని చిల్లులోంచి చూస్తే చీకటి తప్ప మరేమీ కనపడదు. అందుకని తాతగారు కమ్మరిచేత గంటునే కంటికి దూరంగా నాలుగంగుళాలు ముందుకు జరిపించారు. గంటుకూ పూసకూ దూరం తగ్గితే గురిలో సూక్ష్మం తగ్గుతుంది. కనపడని సూక్ష్మం కంటె కనపడే మోటు నయం. గంటు వెడల్పుగా ఉండాలి, పూసకు అటూ ఇటూ వెలుగు సందు కనపడాలి. ఇరుకు గంటు పగలు ముచ్చటగా ఉంటుంది, సందెవేళ పూసను మింగేస్తుంది.

ఇక పూస. మొదట ఇత్తడిది ఉండేది. వాలుపొద్దు ఒక ప్రక్కనుంచి పడితే ఇత్తడి ఆ ప్రక్కనే మెరుస్తుంది. కన్ను ఆ మెరుపునే పూస అనుకొంటుంది. గుండు రెండవ ప్రక్కకు పోతుంది. దానికి విరుగుడు మా అమ్మమ్మ ఆముదపు దీపంమీద పట్టిన కాటుక. "కళ్ళకు పెట్టుకొనే కాటుక కొయ్యకూ ఇనుముకూ పులుముతారా!" అని ఆవిడ సణుగుడు నాకింకా వినపడుతున్నది. నల్లపూస పగటికి బాగున్నది, సందెకు కాదు. చివరకు ఎముక అరగదీసి తెల్లపూస చేయించారు.

కొత్త పూస పెట్టగానే గుండు సరిగ్గా పోదు. తాటిమొద్దుకు సున్నంతో చుక్క పెట్టి, 30 గజాలనుంచి ఒకే కొలత మందుతో మూడుసార్లు కాల్చారు. మూడూ నాలుగంగుళాలు క్రిందుగా తగిలాయి. చూడవచ్చినవారందరూ పూస ఎత్తు పెంచమన్నారు. సిపాయి నవ్వి ఆకురాయి తీసుకొని పూసనే అరగదీశారు. ముందు పూస పొట్టిదైతే దానిని గంటులోకి తేవటానికి మూతి పైకి లేస్తుంది, గుండు పైకి పోతుంది. ఎంత అరగదీయాలో లెక్క ఉన్నది. గంటుకూ పూసకూ 27 అంగుళాలు. 30 గజాలంటే 1080 అంగుళాలు, అంటే 40 రెట్లు. నాలుగంగుళాల తప్పును 40తో భాగిస్తే అంగుళంలో పదవవంతు. ఆయన అందులో సగమే అరగదీసి, మళ్ళీ కాల్చి చూచి, మిగతాది తీశారు. అరిగిన ఎముక మళ్ళీ పెరగదు కదా! కుడిఎడమల తప్పయితే, గుండు ఎటు పోవాలో వెనుక గంటును అటే జరపాలి. ముందు పూసను జరిపేటట్లయితే ఎదురువైపుకు. మందు కొలత మారితే ఈ లెక్క అంతా మొదటికి వస్తుంది.

ఆ తెల్లపూసతో తాతగారు తోటలోకి వెళ్ళిన మూడవనాడో నాలుగవనాడో జరిగినది చెబుతాను. జీడిపిక్కలు రాలే రోజులు. పొద్దు వాలింది. చెట్టుక్రింద నల్లగా గూనివంటిది, నేలకు ముట్టె ఆనించి కదులుతున్నది. గురి అంత బాగా ఎప్పుడూ కుదరలేదట. గంటు స్పష్టం, పూస స్పష్టం, పూసమీద నలుపు. వేలు బిగుస్తున్నది. ఇంతలో గాజుల చప్పుడు. "ఓలమ్మా, పొద్దుగూకిపోనాది" అనుకొంటూ నల్లకంబళి కప్పుకొన్న ఒక ముసలమ్మ, ఒళ్ళో పిక్కలతో నడుం పట్టుకొని లేచింది. ఆవిడకు ఏమీ తెలియదు. తాతగారిని చూచి, నాలుగు పిక్కలకోసం కోప్పడతారేమోనని భయపడింది. ఆయన ఇంటికి వచ్చి అన్నం ముట్టలేదు. మేము సంగతి విన్నది చాలా ఏళ్ళ తరువాత, అమ్మమ్మ నోట. ఎంత మంచి గురి అయినా గుండు ఎక్కడికి పోతుందో చెబుతుంది. అక్కడ ఉన్నది ఎవరో చెప్పదు. ఆనాటినుంచి సందెవేళ తోటకు ఆయన తీసుకొని వెళ్ళినది కిరసనాయిలు డబ్బా, కర్ర.

అమ్మా, మీ తుపాకికి కొత్త గురి వద్దు. ఉద్దానంలో భయం ఉత్తది కాదని నాకు తెలుసు. 2022 జూనులో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగిలో ఎలుగుబంటి జనంమీద పడి ఒకరి ప్రాణం తీసింది. అయినా మీ అబ్బాయికి అలవాటైన తుపాకి వేరు, ఇది వేరు. ఎన్నేళ్ళు తుప్పు పట్టిందో తెలియని గొట్టంలో మందు దట్టిస్తే పగిలేది ముఖం దగ్గరే. పైగా 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా దానిని ఇంట్లో ఉంచుకోవటమే నేరం. పాతది కదా అంటే సరిపోదు. మరమ్మతు చేసినా పేలదన్నప్పుడే ఆ చట్టం వదిలిపెడుతుంది. పంటకాపలాకు మూతినుంచి దట్టించే తుపాకికి లైసెన్సు ఇచ్చే ఏర్పాటు అదే చట్టంలో ఉన్నది. కావలసినవారు తమ పేర దరఖాస్తు పెట్టుకోవాలి. లైసెన్సు వచ్చినంతమాత్రాన పందిని కాల్చటానికి అనుమతి వచ్చినట్లు కాదు. అది అటవీశాఖవారిని అడగాలి. ఎలుగుబంటి సంగతి సరేసరి, 1972 వన్యప్రాణి చట్టంలో దానికి మొదటి షెడ్యూలు రక్షణ ఉన్నది.

అన్నిటికంటె ముఖ్యం, అందులో మందు దట్టించి ఉన్నదేమో! వెనుకటివారు నింపిన తుపాకిని అలాగే అటకెక్కించటం కద్దు. పొడిగా ఉంటే నల్లమందు ఎన్నేళ్ళయినా చావదు. మా ఊరి సిపాయి దట్టించే కడ్డీని లోపలికి జారవిడిచి, మూతిదగ్గర గుర్తుపెట్టి, బయటకు తీసి గొట్టం ప్రక్కన ఆనించి చూచేవారు. కడ్డీ కొస టోపీ పెట్టే ముక్కుదాకా రాక ముందే ఆగిందంటే లోపల ఏదో ఉన్నట్లే. మీరు మాత్రం ఆ పరీక్ష చేయకండి. పొయ్యికీ దీపానికీ దూరంగా, మూతి మనుషులవైపు లేకుండా, ఎక్కడ ఉన్నదానిని అక్కడే ఉంచి, గది తాళంవేసి పోలీసు స్టేషనుకు కబురు పంపండి. అప్పగించినట్లు రసీదు తీసుకోండి. ఆకురాయి మాత్రం ఎవరినీ తాకించనివ్వకండి. అది నిజంగా పాత ఎన్‌ఫీల్డే అయితే, ఆ నిచ్చెన తీసివేస్తే మిగిలేది ఇనుపగొట్టమే.

దసరాకు అత్తగారిని కత్తిపీటకూ కుట్టుమిషనుకూ బొట్టుపెట్టమనండి. గొట్టం ఖాళీయేనని స్టేషనువారు తేల్చిన తరువాత, వారు ఒప్పుకొంటే ఆ అంకెలమీద పలుచని కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది నాకు పంపండి. చివరి అంకె 9 అవునో 10 అవునో చూడాలని ఉన్నది.