ఉబ్బసమునకు పీల్చుమందు

ఉబ్బసము గల యింట రాత్రు లెట్లు గడచునో ఆ యింటి గృహిణికే తెలియును. మందు పీల్చినపిదప పిల్లికూతలు తగ్గి రోగి నిద్రించినచో, వ్యాధి నయమైనదని తలచుట సహజము. కాని యా తలంపులో నొక యపాయము కలదు. ఈ నెల మేము దానిని గూర్చియే ముచ్చటింప దలచితిమి.

ఉబ్బసమున దోషములు రెండు. శ్వాసనాళముల లోపలిపొర వాచియుండుట మొదటిది. వాని చుట్టునున్న కండరములు బిగిసికొనుట రెండవది. సాల్మెటెరాల్, ఫార్మోటెరాల్ అను మందులు ఆ బిగువును సడలించి, సుమారు 12 గంటలు ఊపిరి సుఖముగా నాడునట్లు చేయును. వాపును తగ్గించునది మాత్రము పీల్చు స్టెరాయిడు. దాని గుణము దినములమీద మెల్లగా కనబడును గాన, పలువురు దానిని విడిచి, సుఖము తెలియు మందునే యుంచుకొందురు. పొయ్యిలో మంట తగ్గింపక, పొంగు పాలపై నీళ్లు చల్లుచు కూర్చుండుట వంటిదే యిది.

దీని ఫలమెట్టిదో అమెరికాలో 1996లో మొదలైన యొక పరిశోధన తెలిపినది. 26,000 మందికి పైగా రోగులు అందు పాల్గొనిరి. తాము వాడుకొను మందులకు తోడుగా సగముమంది సాల్మెటెరాల్‌ను, తక్కినవారు మందులేని ఉత్తపీల్పును 28 వారములకై పొందిరి. ఉబ్బసముచే మరణించినవారు మొదటివర్గమున 13 మంది, రెండవదాన 3 మంది. పాల్గొన్నవారిలో సగముకంటె నెక్కువమంది మొదట స్టెరాయిడు పీల్చువారు కారు. 2003లో ఆ పరిశోధన నిలుపబడెను. స్టెరాయిడు తోడు లేక యీ మందులను ఉబ్బసమునకు వాడరాదని అమెరికా ఔషధాధికారులు 2010లో శాసించిరి.

అట్లని భయపడి మందు మానరాదు. రెండును కలిసిన పీల్పుడుమందును 41,000 మందికి పైగా రోగులపై నాలుగు పరిశోధనలలో పరీక్షింపగా, స్టెరాయిడు మాత్రమే వాడినవారికంటె అపాయ మెక్కువ కాలేదు; ఉబ్బసపు ఉద్రేకములును తగ్గెను. కనుకనే 2017లో ఆ కలయికమందుపైనున్న తీవ్రహెచ్చరికను తొలగించిరి.

సోదరీమణులు గమనింపవలసినవి కొన్ని కలవు. ఇంటనున్న మందులో స్టెరాయిడు కలదో లేదో వైద్యునడిగి తెలిసికొనుడు. పొగత్రాగి ఊపిరితిత్తులు చెడిన తాతగారి మందును ఉబ్బసపు బిడ్డకు పట్టింపకుడు. ఆ వ్యాధి వేరు, దాని పద్ధతి వేరు. మందు పీల్చిన పిదప నోరు పుక్కిలింపవలెను. చేతివణకు, గుండెదడ కలిగినచో వైద్యునికి తెలుపుడు. ఆయాసముచే మాట పూర్తిగా రాకున్నను, పెదవులు నీలవర్ణమైనను, తెల్లవారుదాక వేచియుండక ఆసుపత్రికి కొనిపోవుడు.

ఊపిరి సుఖముగా నాడు దినములలోను స్టెరాయిడును మరువకుండ పీల్పించు గృహిణియే, రాబోవు కష్టరాత్రిని ముందుగా నివారించినదగును.